తొమ్మిదింపావుకి ఎక్కి తొమ్మిదింపావుకే దిగడమా?

యాంకర్: గాజువాక నుంచి ఒక అమ్మగారు లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం బాబూ. జూన్‌లో మా అమ్మాయి పురిటికి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్నాను. విమానం ఎక్కడం ఇదే మొదలు. సోమవారం రాత్రి 11కి వైజాగ్‌లో ఎక్కాలి. సింగపూర్‌లో మంగళవారం ఉదయం 9:15కి ఇంకో విమానం. అది మంగళవారం ఉదయం 9:15కే అమెరికాలో దిగుతుందట. టికెట్ తప్పు కొట్టారా? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

సలహాదారు: తప్పేం లేదమ్మా, హాయిగా పడుకోండి. టికెట్ మీద ఏ ఊరి టైం ఆ ఊరిదే ఉంటుంది. జూన్‌లో సింగపూర్ గడియారం శాన్‌ఫ్రాన్సిస్కో కంటే 15 గంటలు ముందు నడుస్తుంది. మీ ప్రయాణమూ 15 గంటలే. దాంతో రెండు టైములూ ఒకటిగా కనిపిస్తున్నాయి. దారిలో పసిఫిక్ మీద తేదీ రేఖ అనే ఊహాగీత దాటుతారు, అక్కడ తేదీ ఒక రోజు వెనక్కి వెళ్తుంది, అందుకే వారం కూడా మారలేదు.

కాలర్: అయితే మొత్తం ఎంతసేపు బాబూ?

సలహాదారు: మన టైంతో లెక్కపెట్టుకుందాం. సింగపూర్‌కి 4 గంటలు, అక్కడ ఆగడం 3 గంటల 45 నిమిషాలు, తర్వాత 15 గంటలు. మొత్తం 22 గంటల 45 నిమిషాలు. మీరు దిగేటప్పటికి ఇక్కడ మంగళవారం రాత్రి 9:45 అవుతుంది. బీపీ మాత్రలు ఏమైనా వేసుకుంటారా?

కాలర్: పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.

సలహాదారు: అయితే చేతి గడియారం వైజాగ్ టైంలోనే ఉంచండి. దారిలో దాన్ని చూసే మాత్ర వేసుకోండి. అక్కడికెళ్లాక వేళలు ఎలా మార్చాలో మీ డాక్టర్‌ని ముందే అడగండి. మాత్రలు, చీటీ చేతిసంచిలోనే పెట్టుకోండి, పెద్ద పెట్టెలో వద్దు.

కాలర్: మా మనవడు ఫోన్‌లో చూసి 13,300 కిలోమీటర్లే అన్నాడు. ట్రావెల్స్ అబ్బాయి 16,500 అంటున్నాడు.

సలహాదారు: ఇద్దరిదీ నిజమేనమ్మా. మనవడు చెప్పింది గ్లోబు మీద దారం లాగి పట్టినట్టు నేరు దూరం. ఆ గీత ఒడిశా మీదుగా పైకెళ్లి, సైబీరియా దాటి అమెరికాలో దిగుతుంది. మీరు ముందు ఆగ్నేయానికి 2,900 కిలోమీటర్లు పోయి, సింగపూర్ నుంచి ఇంకో 13,600 కిలోమీటర్లు వెళ్తారు. వచ్చేటప్పుడు మాత్రం రెండు గంటలు ఎక్కువే పట్టొచ్చు. పైన గాలి పడమటి నుంచి తూర్పుకి వీస్తుంది, తిరుగు ప్రయాణంలో అది ఎదురవుతుంది. ఒక్కమాట, రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉన్నాయా?

కాలర్: ఒకే నంబరు ఉంది బాబూ.

సలహాదారు: మంచిది. విడివిడి టికెట్లు కొని మా పెద్దమ్మ నడుమ ఊళ్లో పెట్టె కోసం పడ్డ అవస్థ నేను మరిచిపోలేను. వైజాగ్‌లో పెట్టె ఇచ్చేటప్పుడు ట్యాగ్ మీద శాన్‌ఫ్రాన్సిస్కో వరకూ ఉందో లేదో అడిగి చూసుకోండి. వీల్‌చైర్ కూడా ఇప్పుడే చెప్పించండి, మొహమాటపడకండి. కౌంటర్ల మధ్య వాళ్లే తీసుకెళ్తారు.

కాలర్: అల్లుడిని 9:15కే వచ్చి నిలబడమననా?

సలహాదారు: వద్దమ్మా. ఇమిగ్రేషన్, పెట్టెలు అయ్యేసరికి గంట దాటుతుంది. పదిన్నరకి రమ్మనండి.

కాలర్: పదిన్నర... రాసుకున్నాను బాబూ. ఇప్పుడే ఫోన్ చేస్తాను.

యాంకర్: ఇప్పుడు అక్కడ అర్ధరాత్రి అమ్మా, కాసేపు ఆగి చేయండి.