సహజమే కదా, ఏం కాదులే!

[తెరపై: బల్ల మీద ఒక పక్క డాక్టరు రాసిన మాత్రలు, ఇంకో పక్క మూలికల పొడి ఉన్న సీసా. కెమెరా సీసా లేబుల్ దగ్గరికి వెళ్తుంది.]

నమస్కారం. ఈ లేబుల్ చదవండి. "నూరు శాతం సహజం, సైడ్ ఎఫెక్ట్స్ లేవు." మొదటి మాట నిజమే కావచ్చు. రెండో మాట మాత్రం నేను నమ్మను, మీరూ నమ్మకండి. సహజ వైద్యం మీద నాకు ఏ కోపమూ లేదు. ఇంట్లో దగ్గు వస్తే నేనూ తేనె సీసా వైపే చెయ్యి చాస్తాను. కానీ ఈ ఒక్క మాట నమ్మి ఇబ్బంది పడేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే ఈ వీడియో.

అందరూ అడిగే ప్రశ్నతో మొదలుపెడదాం. మొక్క నుంచి వచ్చింది హాని ఎలా చేస్తుంది?

[తెరపై: గంటల్లా వేలాడే ఊదారంగు పూలు]

ఈ మొక్క పేరు ఫాక్స్‌గ్లోవ్. గుండె బలహీనపడి ఒళ్లంతా నీరు పట్టినవాళ్లకు దీని ఆకు ఎలా పనిచేస్తుందో విలియం వితరింగ్ అనే ఇంగ్లండ్ వైద్యుడు 1785లో వివరంగా రాశాడు. మోతాదు కాస్త ఎక్కువైతే ఏమవుతుందో కూడా రాశాడు: వాంతులు, చూపులో తేడా, నాడి మందగించడం, చివరికి ప్రాణం మీదికి రావడం. ఈ జాతి మొక్కల నుంచి తీసిన డిగాక్సిన్ అనే గుండె మందును డాక్టర్లు ఈరోజుకీ రాస్తారు, చాలా కొద్ది మోతాదులో, జాగ్రత్తగా గమనిస్తూ. ఒక ఆకుకి జబ్బు తగ్గించే శక్తి ఉందంటే, ఒంట్లో మార్పు తెచ్చే శక్తి ఉన్నట్టే కదా. మేలుకి మాత్రమే పనిచేసి, హాని దగ్గరికొచ్చేసరికి అది ఆగిపోదు.

పసుపు విషయమూ ఇంతే. వంటలో వేసే చిటికెడు పసుపుతో భయం లేదు. క్యాప్సూల్‌లో ఉండేది గాఢమైన సారం. అందులోని కర్క్యుమిన్ అనే పసుపు పదార్థం ఒంటికి సరిగా పట్టదు కాబట్టి, పట్టడానికి మిరియాల నుంచి తీసిన పదార్థం కూడా కలుపుతారు. అలాంటి క్యాప్సూల్స్ వాడి లివర్ దెబ్బతిన్నవాళ్లు ఉన్నారు. ఒకటే పేరు కదా అని రెండూ ఒకటే అనుకోకండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించే ప్రశ్న. డాక్టరు ఇచ్చిన మాత్రలతో పాటు ఇవి వేసుకోవచ్చా?

[తెరపై: అడుగున చిన్న రంధ్రం ఉన్న ప్లాస్టిక్ సీసా. పైనుంచి సన్నగా నీళ్లు పోస్తుంటే నీటిమట్టం ఒకే దగ్గర నిలుస్తుంది.]

ఈ సీసానే మీ ఒళ్లు అనుకోండి. పైనుంచి పోసేది మీరు రోజూ వేసుకునే మాత్ర. కిందినుంచి పోయేది ఒళ్లు బయటికి పంపేసే మందు. డాక్టరు ఈ రెండూ లెక్కేసుకునే మోతాదు రాస్తారు, మట్టం ఇదిగో ఈ గీత దగ్గర ఉండేలా.

[తెరపై: రంధ్రం పెద్దది చేయగానే మట్టం పడిపోతుంది.]

దిగులు తగ్గడానికి కొందరు సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక వాడతారు. అది చేసే పని ఇదే. లివర్‌లో మందులను విరగ్గొట్టే ఎంజైములను ఉరకలు పెట్టిస్తుంది. గర్భనిరోధక మాత్రలు, రక్తం పలచబరిచే మందులు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు వేసుకునే మందులు ఉండాల్సినదానికన్నా తొందరగా బయటికి పోతాయి. మాత్ర రోజూ తప్పకుండా వేసుకుంటున్నా, వేసుకోనట్టే అవుతుంది.

[తెరపై: రంధ్రాన్ని వేలితో మూస్తారు. నీళ్లు గీత దాటతాయి.]

గ్రేప్‌ఫ్రూట్ రసం దీనికి తలకిందులు. గ్రేప్‌ఫ్రూట్ అంటే ద్రాక్ష కాదు, పంపరపనసకు దగ్గరి చుట్టం. సిమ్వాస్టాటిన్ లాంటి కొన్ని కొలెస్ట్రాల్ మందులను పేగుల్లో విరగనివ్వకుండా అడ్డుపడుతుంది, రక్తంలో మందు పెరిగిపోతుంది. అతిమధురం దారి ఇంకోటి. ఎక్కువ రోజులు వాడితే బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. బీపీ మాత్రలు వేసుకుంటూ గొంతు కోసం రోజూ అతిమధురం చప్పరిస్తున్నారంటే, ఒక చేత్తో దించుతున్నదాన్ని ఇంకో చేత్తో ఎత్తుతున్నట్టే.

మరి పనిచేసేవి లేవా అంటే, ఉన్నాయి. దగ్గుకి పడుకునే ముందు ఒక చెంచా తేనె నిజంగానే ఉపశమనం ఇస్తుంది. గర్భిణుల వికారానికి అల్లం కొంత పనిచేస్తుంది, మోతాదు మాత్రం డాక్టర్ని అడగండి.

తేనె అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఏడాది నిండని పాపకి తేనె పెట్టకండి. నాలుక మీద చుక్క రాయడం కూడా వద్దు. తేనెలో బోటులిజం, అంటే కండరాలను చచ్చుబరిచే జబ్బు, కలిగించే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. పెద్దవాళ్ల పేగుల్లో అవి ఎదగలేవు, పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. పాపకి మలబద్ధకం వస్తుంది, ఏడుపు సన్నబడుతుంది, పాలు లాగలేదు, మెడ వాలిపోతుంది. తేనెను వేడిచేసినా ఆ బీజాలు చావవు.

సీసాలో ఉన్నది లేబుల్ మీద రాసినదేనా? 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి మూలికల మాత్రలు వాడిన ఆడవాళ్లలో కిడ్నీలు పాడైపోయాయి. ఒక మూలిక బదులు పేరు దగ్గరగా ఉన్న వేరే మూలిక కలిసింది. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలను తినేసింది, కొందరికి తర్వాత క్యాన్సర్ కూడా వచ్చింది. అందుకే ఎవరు చేశారో, ఎందులో ఏముందో రాయని పొడి ఎంత నమ్మకస్తులు ఇచ్చినా నేను నోట్లో వేసుకోను.

"డాక్టరుకి చెప్తే తిడతారేమో" అని చాలామంది దాచేస్తారు. ఆ మొహమాటం నాకు అర్థమవుతుంది. పేరు గుర్తులేకపోతే లేబుల్ ఫోటో తీసుకెళ్లి చూపించండి, లేదంటే సీసానే సంచిలో వేసుకెళ్లండి. ఆపరేషన్ ఉంటే మరీ ముఖ్యం. వెల్లుల్లి క్యాప్సూల్స్, గింకో అనే చెట్టు ఆకుల సారం లాంటివి రక్తస్రావం పెంచే అవకాశం ఉంది, అందుకే ముందే ఆపమంటారు.

చివరి ప్రశ్న. ఇంటి వైద్యంతో ఎన్నాళ్లు చూడాలి? జలుబు వారం, పది రోజుల్లో దానంతటదే పోతుంది. దగ్గు రెండు వారాలు దాటితే చూపించుకోండి. ఇక ఛాతీలో నొప్పి, ఆయాసం, వాంతిలో రక్తం, మాట ముద్దగా రావడం, మూతి ఒక పక్కకి జారడం, మూడు నెలలు నిండని పసికందుకి జ్వరం... వీటిలో ఏది కనిపించినా పొయ్యి మీద కషాయం ఉంటే స్టవ్ కట్టేసి వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి.