లోతు తక్కువ నీళ్లలో గాలం: ఎంత ల్యూర్, ఎంత దూరం?

[దృశ్యం: మోకాలి లోతు నీళ్లు. అడుగున గడ్డి ఊగుతోంది. దూరంగా నీటి మీద బాణం మొనలాంటి చిన్న అల.]

అదిగో, ఆ అల చూశారా? అది చేపే. ఇంకో నాలుగడుగులు వేశామంటే ఇక కనబడదు.

లోతైన నీళ్లలో చేప బెదిరితే కిందికి దిగి కూర్చుంటుంది. ఇక్కడ దిగడానికి కింద ఏముంది? పరుగు ఒక్కటే దారి. కాబట్టి ముందు దూరం సంగతి తేల్చుకుందాం, ల్యూర్ (చేపను మభ్యపెట్టే ఉత్తుత్తి ఎర) సంగతి తర్వాత.

[బొమ్మ: నీళ్లలో చేప, దాని కంటి నుంచి పైకి విచ్చుకున్న గరాటు.]

నీళ్లలోంచి చేపకు పైలోకం ఒక గుండ్రటి కిటికీలోంచే కనిపిస్తుంది. ఆ కిటికీ వెడల్పు చేప ఉన్న లోతుకు రెండింతల పైచిలుకు. 40 సెంటీమీటర్ల లోతులో ఉంటే సుమారు 90 సెంటీమీటర్లు, అంతే. నీటి మట్టానికి 10 డిగ్రీల లోపు ఎత్తులో ఉన్నవన్నీ ఆ కిటికీ అంచున నలిగిపోయి కనిపిస్తాయి. మోకాలి లోతులో నిలబడ్డ మనిషి 8 మీటర్లు దాటితే దాదాపు ఆ లెక్కలోకి వస్తాడు. ఇంకా దగ్గరికెళ్లాలంటే వంగాల్సిందే.

మరి 8 మీటర్లు చాలా? చాలదు. చేప ఒంటి పక్కన తల నుంచి తోక దాకా గీత ఉంటుంది చూడండి, కాలు కదిపితే పుట్టే అలను అది దాంతో పసిగడుతుంది. అందుకే నేను 15 నుంచి 20 మీటర్లు పెట్టుకుంటాను. గాలి వీచి నీళ్లు చిట్లుతుంటే కొంచెం దగ్గరైనా నడుస్తుంది.

ఇప్పుడు ల్యూర్. చాలామంది తికమకపడేది ఇక్కడే. సైజు వేరు, బరువు వేరు. దూరం తెచ్చేది బరువు, చేపను ఒప్పించేది సైజు.

[దగ్గరి దృశ్యం: అరచేతిలో రెండు ల్యూర్లు.]

ఇది రేకు స్పూను, అంటే చెంచా గుంటలాంటి లోహపు ల్యూర్, 6 సెంటీమీటర్లు, 10 గ్రాములు. ఇది ప్లాస్టిక్ మిన్నో, అంటే చిరుచేప ఆకారపు ల్యూర్, 10 సెంటీమీటర్లు, అదీ 10 గ్రాములే. స్పూను రాయిలా దూసుకెళ్తుంది, మిన్నో గాలికి పల్టీలు కొడుతుంది. కానీ స్పూను మునుగుతుంది. చుట్టడం కాస్త నెమ్మదించినా గడ్డి పట్టుకుని వస్తుంది.

ఈ ఇంకో మిన్నోను చెవి దగ్గర ఆడించి వినండి... టక్, టక్. కొన్ని మిన్నోల కడుపులో జారే గుండు ఉంటుంది. విసిరినప్పుడు తోకలోకి జారి ల్యూర్‌ను నిటారుగా తీసుకెళ్తుంది. నీళ్లలో లాగగానే ముందుకొస్తుంది. తేలే రకం, పైగా దూరం పోతుంది. ఈ నీళ్లకు నా ఓటు దీనికే. గడ్డి మరీ దట్టంగా ఉంటే కొక్కెం మొన రబ్బరులో దాగి ఉండే మెత్తటి ల్యూర్ మేలు.

సైజుకు కొలబద్ద అక్కడి చిరుచేపలే. తేరిన, నిలకడ నీళ్లలో 5–7 సెంటీమీటర్లు. బురద నీళ్లలో 8–10, చేప దాని కదలికను పసిగట్టాలి కదా. చిన్నది దూరం పోవడం లేదా? ల్యూర్ పెంచకండి, దారం సన్నం చేయండి. 0.15 మిల్లీమీటర్ల అల్లిక దారం, రీల్ (దారం చుట్టే చక్రం) అంచుకు 1–2 మిల్లీమీటర్ల దాకా నిండుగా చుట్టి ఉంటే 5 గ్రాములు కూడా హాయిగా ఎగురుతుంది.

[నెమ్మది దృశ్యం: రీల్ అంచున చూపుడువేలు.]

ల్యూర్‌ను చేప నెత్తిన పడేయొద్దు. అది ఈదే దారికి రెండు మూడు మీటర్ల ముందు పడాలి. నీటిని తాకబోయే ముందు, ఇలా, వేలి కొసతో దారాన్ని తాకండి. ల్యూర్ వేగం తగ్గి చప్పుడు లేకుండా వాలుతుంది. దారం వదులు కూడా పోతుంది.

చేప కనబడనప్పుడు ఒక పొరపాటు జరుగుతుంది. నేనూ చేశాను. వచ్చీ రాగానే ఒళ్లంతా ఊపి 40 మీటర్లు విసిరాను. దారం నీటి మీద వాలిన చోట, నాకు పది మీటర్లలో, ఓ పెద్ద చేప బురద లేపి పారిపోయింది. అప్పటినుంచి మొదటి విసురు దగ్గరికే. అదీ నీళ్లలో కాలు పెట్టకముందే, ఒడ్డు మీద నుంచి.