భీమిలి రోడ్డులో సముద్రం పక్కన ఇల్లు: ఏ కాలంలో ఏం కనిపిస్తుంది?

[విజువల్: మంగమారిపేట ఒడ్డు, రాళ్ల మధ్య అలలు, ఇసుక మీదికి లాగి పెట్టిన పడవలు]

విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డులో కాటేజీలు బాగా పెరిగాయి. జోడుగుళ్లపాలెం దాటిన దగ్గర్నుంచి ఎక్కడ చూసినా సముద్రానికి ఎదురుగా ఒక వరండా, దానికో పెద్ద తెల్ల లైటు. ముందు ఆ లైటు సంగతి చూద్దాం.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట ఈ ఒడ్డుకి గుడ్లు పెట్టడానికి వస్తాయి. వెనక కాళ్లతోనే తవ్వుతాయి. ఒక కాలితో చారెడు ఇసుక తీసి పక్కన పోస్తుంది, తర్వాత రెండో కాలు. అలా అడుగున్నర లోతు గుంట అయ్యాక అందులో వందకి అటూ ఇటూగా గుడ్లు పెట్టి ఇసుక కప్పేస్తుంది. అంతటితో వెళ్లిపోదు. ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ, దిమ్మిస వేసినట్టు పొట్టతో ఇసుకని గట్టిగా కొడుతుంది. దగ్గర నుంచుంటే ఆ చప్పుడు వినిపిస్తుంది. కానీ టార్చి వేసుకుని, ఫోన్ పట్టుకుని దగ్గరికి వెళ్లకండి. గుడ్లు పెట్టకుండానే తిరిగి వెళ్లిపోవచ్చు.

[విజువల్: ఇసుకలోంచి బయటికొస్తున్న పిల్లలు]

ఏడెనిమిది వారాలకి పిల్లలు బయటికొస్తాయి. చీకట్లో ఎటు వెలుతురుంటే అటు నడవడం వాటికి పుట్టుకతో వచ్చిన బుద్ధి. లైట్లు లేని ఒడ్డు మీద ఆ వెలుతురు సముద్రం వైపే ఉంటుంది. మన లైటు వెలిగితే అవి రోడ్డు వైపు తిరుగుతాయి, అక్కడ కుక్కలు, కార్లు. మా పక్క పేటలో ఒక పెద్దాయన కాటేజీకి వచ్చిన ప్రతివాళ్లకీ చెబుతుంటాడు: "లైటు ఆర్పీండి బాబూ, పిల్లలు రోడ్డెక్కీస్తాయి." లైటు తప్పదనుకుంటే కిందికి వంచి, అడ్డు పెట్టి, ఎర్ర బల్బు వేసుకోండి.

ఇంకో విశేషం. గుడ్డులోంచి వచ్చేది ఆడో మగో ఇసుక వేడిని బట్టి ఉంటుంది. వేడి ఎక్కువైతే ఎక్కువగా ఆడవే పుడతాయి.

ఇదే కాలంలో ఒడ్డుకి చచ్చిన తాబేళ్లు కూడా కొట్టుకొస్తాయి. తాబేలు ఊపిరి కోసం పైకి రావాలి. మరబోట్లు గంటల తరబడి లాగే ట్రాలు వలలో ఇరుక్కుంటే నీళ్లలోనే ఉక్కిరిబిక్కిరై చచ్చిపోతుంది. వేట నిషేధం ఉంది కదా అంటారు. తూర్పు తీరంలో అది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. చేపలు గుడ్లు పెట్టే కాలం చూసి పెట్టిన నిషేధం అది, తాబేళ్ల కోసం కాదు. అది మొదలయ్యేసరికి ఇక్కడ తాబేళ్లు గుడ్లు పెట్టడం దాదాపు అయిపోతుంది. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు నీళ్లు సంప్రదాయ పడవలవి, మరబోట్లు అందులోకి రాకూడదు. ఆ ఒక్క నియమం జనవరి, ఫిబ్రవరిలో గట్టిగా అమలు చేసినా సగం టెన్షన్ తగ్గుతుందని నా అభిప్రాయం. తాబేలు తప్పించుకునే జాలీ ఒకటి వలకి బిగించవచ్చు. దాంతో చేపలూ రొయ్యలూ కూడా జారిపోతాయని బోటు వాళ్ల గోల.

[విజువల్: గాలికి ఊగే తాటిచెట్లు, తెల్ల నురగ]

మార్చి వచ్చాక నైరుతి గాలి తీరం వెంబడే వీస్తుంది. భూమి తిరగడం వల్ల పైనున్న వెచ్చటి నీళ్లు ఒడ్డు నుంచి లోపలికి జరిగిపోతాయి, వాటి జాగాలోకి అడుగునుంచి చల్లటి నీళ్లు పైకొస్తాయి. ఆ నీళ్లతో పోషకాలొస్తాయి, పోషకాలతో నాచు, నాచు కోసం చిన్న చేపలు, వాటి కోసం పెద్దవి. విశాఖ తీరంలో ఈ సంగతిని ఆంధ్రా యూనివర్సిటీలో 1950లలోనే పరిశోధించారు. ఇప్పుడైతే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఉపగ్రహాలతో నీటి వేడి, నాచు రంగు చూసి చేపలు ఎక్కడ దొరకొచ్చో చెబుతోంది.

వేట నిషేధం 61 రోజులు. 2015కి ముందు 47 రోజులే ఉండేది. ఇంజను లేని తెప్పలకి ఇది వర్తించదు. అందుకే మే నెలలో కూడా పేటలో కాసిన్ని తాజా చేపలు దొరుకుతాయి, ధర మాత్రం అడక్కండి. మిగతావాళ్లు వలలు బాగు చేసుకుంటారు, పడవలకి రంగులు వేసుకుంటారు, ప్రభుత్వమిచ్చే భృతి కోసం ఎదురుచూస్తారు.

జూన్ 15న బోట్లు వెళ్లాక వానాకాలమంతా సముద్రం అల్లకల్లోలంగానే ఉంటుంది. అక్టోబరు, నవంబరులో తుపాన్ల భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ సరిగ్గా ఇక్కడే తీరం దాటింది.

[విజువల్: అలివి వల లాగుతున్న రెండు గుంపులు, పైన తిరుగుతున్న గద్దలు]

చలికాలం పొద్దున్నే వరండాలోకి వస్తే అలివి వల కనిపించొచ్చు. పడవ వలని అర్ధచంద్రాకారంగా దించి వస్తుంది, ఒడ్డున రెండు గుంపులు రెండు కొసల తాళ్లు లాగుతాయి. కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు ఒక్కసారిగా ఎగురుతుంటే గద్దలు దిగుతాయి. తర్వాత బుట్టల లెక్కన వేలంపాట మొదలు. బేరంలో ఆడవాళ్ల ముందు ఎవరూ నిలబడలేరు.

వలలో అప్పుడప్పుడు అతిథులూ పడతారు. 2021 డిసెంబరులో విశాఖ దగ్గరి తంతడి తీరానికి ఒక తిమింగల సొర వచ్చింది. ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద చేప ఇదే, తినేది మాత్రం నీళ్లలోని సూక్ష్మజీవుల్నీ చిన్న చిన్న చేపల్నీ. అటవీ శాఖవాళ్లు, జాలర్లు కలిసి దాన్ని ప్రాణాలతో సముద్రంలోకి పంపించారు. ఇలాంటిది మీ కంట పడితే మీద ఎక్కి సెల్ఫీలు దిగకండి, తాళ్లతో ఒడ్డుకి లాగకండి. వెంటనే అటవీ శాఖకి ఫోన్ చేయండి.