నీలం చేపకు ఆరడుగులు ఎందుకు?

అందరికీ నమస్కారం అండి.

ఈ హాల్లో చెరువులు చేసేవాళ్లే ఎక్కువమంది కనిపిస్తున్నారు, కాబట్టి నా పని సగం తేలికైంది. చెరువులో రొయ్య సీడ్ వేసేటప్పుడు మీరెవరూ పిల్ల సైజు చూసి లెక్క వేయరు. పట్టుబడి నాటికి కౌంట్, అంటే కిలోకు తూగే రొయ్యల లెక్క, ఎంతకు రావాలి, అప్పటికి డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, నిలబడుతుందా, నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు ఎన్ని కావాలి అని చూసుకుని వేస్తారు. అదే మనిషి అక్వేరియం షాపులోకి వెళ్లి, బ్లూ టాంగ్ అనే నీలం రంగు సముద్రపు చేపను రెండంగుళాల పిల్లగా చూసి ముచ్చటపడి, ఇంట్లో ఉన్న రెండడుగుల ట్యాంకు చాలులే అనుకుంటున్నాడు. నేను అడిగేది ఒక్కటే. చెరువుకు వేసే లెక్కే ఈ చేపకూ వేయండి.

బ్లూ టాంగ్ పూర్తిగా ఎదిగితే 30 సెంటీమీటర్లు, అంటే ఒక అడుగు. యెల్లో టాంగ్ 20 సెంటీమీటర్ల దాకా వస్తుంది. మన హిందూ మహాసముద్రంలో తిరిగే పౌడర్ బ్లూ టాంగ్ కూడా 20 దాటుతుంది. ఇవన్నీ పగడపు దిబ్బల మీద తిండి వెతుక్కుంటూ పగలంతా ఈదే చేపలు. క్లౌన్ ఫిష్ సంగతి వేరు. ఎనిమోన్ అనే పువ్వులాంటి సముద్ర జీవి పక్కన చోటు దొరికితే దాన్ని వదిలి పెద్దగా పోదు. లయన్ ఫిష్ అడుగు దాటి పెరిగినా రోజులో ఎక్కువసేపు రాయిని ఆనుకుని కదలకుండా ఉంటుంది. అందుకని చేప ఎంత పెరుగుతుందో అడిగి ఊరుకోకండి, ఎంత తిరుగుతుందో కూడా అడగండి.

నాలుగడుగుల ట్యాంకులో ఎదిగిన బ్లూ టాంగ్ ఎక్కడైనా కనిపిస్తే, కుర్చీ వేసుకుని పది నిమిషాలు దాన్నే చూడండి. రెండు పక్క రెక్కలూ ఆడిస్తూ బయల్దేరుతుంది. వేగం అందుకునేలోపే అద్దం వచ్చేస్తుంది. రెక్కలు విప్పి ఆగుతుంది, ఒళ్లు తిప్పుకుంటుంది, మళ్లీ బయల్దేరుతుంది. అదే దారి, అదే మలుపు. అద్దానికి రాసుకుని రాసుకుని మూతి దగ్గర చర్మం తెల్లబడుతుంది. తోక మొదట్లో దానికి కత్తిలాంటి ముల్లు ఉంటుంది, సర్జన్ ఫిష్ అనే పేరు అందుకే వచ్చింది. చోటు ఇరుకైతే ఆ ముల్లు పక్క చేపల మీదికి లేస్తుంది. ఇలా టెన్షన్‌లో బతికే టాంగ్‌కు తెల్లచుక్కల జబ్బు చాలా తొందరగా అంటుకుంటుంది. మందు కోసం పరిగెత్తేముందు ట్యాంకు పొడవు ఒకసారి కొలవండి.

ఇక లెక్కలు. ఒక ఘనపుటడుగుకు సుమారు 28 లీటర్ల నీళ్లు పడతాయి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న ట్యాంకులో దాదాపు 450 లీటర్లు. అదే ట్యాంకును నిలువుగా, రెండడుగుల పొడవూ నాలుగడుగుల ఎత్తూ వచ్చేలా కట్టించినా నీళ్లు అన్నే. హాల్లో చూడ్డానికి అందంగానూ ఉంటుంది. కానీ చేప ఈదే దూరం సగమైపోయింది, గాలి తగిలే నీటి పైభాగం కూడా సగమైపోయింది. లీటర్లు చూసి మోసపోకండి. తిరిగే చేపకు ముందు పొడవు, తర్వాత వెడల్పు, ఆఖరున ఎత్తు.

నా మాటగా చెబుతున్నాను. యెల్లో టాంగ్‌కు నాలుగడుగులకు తగ్గొద్దు, వెడల్పు రెండడుగులు ఉంటే మంచిది. బ్లూ టాంగ్‌కు ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉండాలి. అంటే 680 లీటర్లు. అడుగు పొడవున్న చేప అడుగున్నర వెడల్పులో తిరగడానికే ఇబ్బంది పడుతుంది, పైగా అందులో రాళ్లు కూడా పేరుస్తాం కదా. 'గ్యాలనుకు ఒక అంగుళం చేప' అనే లెక్క చాలామంది చెబుతారు, దాన్ని మరిచిపోండి. పదంగుళాల చేప ఒకటీ, అంగుళం చేపలు పదీ సమానం కావు. పొడవు పదింతలైతే ఒళ్లు వెయ్యింతలవుతుంది. తిండి, వ్యర్థం, ఆక్సిజన్ వాడకం ఆ ఒళ్లునుబట్టే పెరుగుతాయి.

నీళ్లు ఎక్కువుంటే ఇంకో మేలు ఉంది, మన ఎండలకు అది చాలా అవసరం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకులో 57 లీటర్లు పడతాయి. ఫ్యాను కింద రెండు లీటర్లు ఆవిరైతే 35 పీపీటీ (వెయ్యి పాళ్లకు 35 పాళ్లు) ఉన్న సెలినిటీ, అంటే ఉప్పదనం, 36 దాటిపోతుంది. 680 లీటర్లలో అవే రెండు లీటర్లు పోతే 35.1. మన చెరువుల్లో పెంచే వెనామీ రొయ్య ఉప్పు తక్కువైనా ఎక్కువైనా ఓర్చుకుంటుంది, పగడపు దిబ్బ చేప ఓర్చుకోలేదు. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ పట్టే శక్తి తగ్గుతుందని మీకు తెలుసు. కరెంటు పోయిన రాత్రి చిన్న ట్యాంకులో ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. నీళ్లను చల్లబరిచే చిల్లర్ లేకపోయినా కనీసం బ్యాటరీ ఏరియేటర్ ఒకటి పెట్టుకోండి.

అంతర్వేది నుంచి సముద్రపు నీళ్లు తెచ్చుకోవచ్చు కదా అని కొందరు అడుగుతుంటారు. వద్దండి. గోదావరి వరదల కాలంలో మన తీరపు నీళ్లలో ఉప్పు పడిపోతుంది, బురద నిండుతుంది. మన దగ్గర పగడపు దిబ్బలు లేకపోవడానికీ ఇదొక ముఖ్య కారణం. ఆర్వో నీళ్లలో అక్వేరియం ఉప్పు కలుపుకోవడమే మేలు.

బరువు సంగతి కూడా చూసుకోండి. ఆరడుగుల ట్యాంకులో నీళ్లే దాదాపు 700 కిలోలు. అద్దం, రాళ్లు, ఇసుక, స్టాండు కలిస్తే ఇంచుమించు టన్ను. మేడ మీద పెట్టాలనుకుంటే ఇంజనీరును అడక్కుండా పెట్టకండి.

అంత చోటు లేదా? అయితే బ్లూ టాంగ్ కొనకండి. ఇందులో నాకు మొహమాటం లేదు. ఈ చేపను మనుషులు తొలిసారి గుడ్డు నుంచి పెంచగలిగింది 2016లో, ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్లు. ఇప్పటికీ షాపులకు వచ్చేవి ఎక్కువగా సముద్రంలో పట్టినవే. దిబ్బ మీద తిరుగుతున్నదాన్ని పట్టి తెచ్చి రెండడుగుల్లో పెట్టడం అన్యాయం. క్లౌన్ ఫిష్‌ను అయితే మన దేశంలోనే, తమిళనాడులోని మండపం అనే ఊళ్లో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ హ్యాచరీలో పుట్టించారు. హ్యాచరీ పిల్లలే కావాలని అడిగి తీసుకోండి. ఒక జంటకు రెండున్నర అడుగుల ట్యాంకు సరిపోతుంది. కదలిక ఎక్కువ ఉండాలంటే మూడు, నాలుగు అడుగుల ట్యాంకులో గ్రీన్ క్రోమిస్ అనే చిన్న చేపలు వేసుకోండి. అవి పది సెంటీమీటర్లు దాటవు, రోజంతా ఆడుతూనే ఉంటాయి.

ఇప్పటికే చిన్న ట్యాంకులో టాంగ్ ఉన్నవాళ్లు దాన్ని కాలువలోనో సముద్రంలోనో వదలకండి. అక్కడ అది బతకదు, దాని జబ్బులేవైనా ఉంటే నీళ్లలో మిగిలిపోతాయి. ఈ హాల్లో ఆరడుగుల ట్యాంకులు ఉన్నవాళ్లు దయచేసి ప్రసంగం అయ్యాక కాసేపు ఉండండి. చేపను ఇవ్వాలనుకునేవాళ్లు వాళ్లతో మాట్లాడుకోవచ్చు.