బొటనవేలు పాడే గిటారు: మైక్ సీగర్ నేర్చిన విద్య

[దృశ్యం: గిటారు మీద రెండు చేతులు, బాగా దగ్గరగా]

ఈ చేతులను ఒక్క నిమిషం గమనించండి. గిటారు కుడిచేతివాటం వాళ్లది, వాయిస్తున్నావిడది ఎడమచేతివాటం. తీగలు మార్చలేదు, గిటారునే తిరగేసి పట్టుకున్నారు. దాంతో సన్నతీగలు పైకి, లావుతీగలు కిందికి వచ్చాయి. మామూలుగా బొటనవేలు మంద్రస్వరాలను చూసుకుంటుంది. ఈవిడ విషయంలో పాట పాడేదే బొటనవేలు. మంద్రం మిగతా వేళ్ల పని.

ఈవిడ ఎలిజబెత్ కాటన్. వాషింగ్టన్ ప్రాంతంలో సంగీతకారులైన సీగర్ల ఇంట్లో పనిచేసేవారు. ఒకరోజు వాళ్ల గిటారు చేతిలోకి తీసుకునేదాకా, ఆమెకు ఆ విద్య ఉందని ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ ఇంటి అబ్బాయి మైక్ ఆమె పాటలను టేపు మీద రికార్డు చేశాడు. 1958లో అవి రికార్డుగా వెలువడేనాటికి ఆమెకు అరవై అయిదేళ్లు.

[దృశ్యం: పాత రికార్డు తిరుగుతుంటుంది]

మైక్ సీగర్ 1933లో న్యూయార్క్‌లో పుట్టాడు. తండ్రి చార్లెస్ సంగీత శాస్త్రవేత్త, తల్లి రూత్ క్రాఫోర్డ్ స్వరకర్త. జానపద గాయకుడు పీట్ సీగర్ ఇతనికి సవతి అన్న. పల్లెల్లో రికార్డు చేసి తెచ్చిన పాటలను తల్లి మళ్లీ మళ్లీ వింటూ స్వరాలు రాసుకునేది. అవన్నీ పిల్లల చెవిన పడుతూనే ఉండేవి. అయినా మైక్ వాద్యం పట్టింది పద్దెనిమిదో ఏట! ఆలస్యమైందని బెంగపడేవాళ్లకు ఈ మాట చెప్పాలి.

ఆ తరువాత ఆగలేదు. బాంజో, ఫిడేలు, గిటారు, మాండొలిన్, ఆటోహార్ప్, డల్సిమర్, చివరికి మోర్సింగ్, మౌతార్గాన్ కూడా. 1958లో జాన్ కోహెన్, టామ్ పేలీలతో కలిసి న్యూ లాస్ట్ సిటీ ర్యాంబ్లర్స్ బృందం మొదలుపెట్టాడు. 1920, 30ల నాటి అమెరికా దక్షిణాది పల్లె సంగీతాన్ని వాయించేవారు. ఏ పాట ఎవరి రికార్డు నుంచి నేర్చుకున్నారో రికార్డుతో పాటు అచ్చువేసి ఇచ్చేవారు. నాకు వాళ్ల వాయింపు కన్నా ఈ అలవాటే ఎక్కువ నచ్చుతుంది.

[దృశ్యం: ఫిడేలు బిరడాలు బిగిస్తున్న చేయి]

పాతవాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ముందు శ్రుతి. ఫిడేలు నాలుగు తీగలకూ మధ్య మామూలుగా పంచమం దూరం ఉంటుంది. అక్కడి పల్లె వాద్యకారులు కొన్ని పాటలకు మంద్రంగా పలికే రెండు తీగలనూ ఒక్కో మెట్టు పైకి బిగిస్తారు. మన లెక్కలో చెప్పాలంటే స, ప, స, ప. ఒక తీగను వాయిస్తే దాని జోడీ కూడా మోగుతుంది. ఒంటరి ఫిడేలు నిండుగా వినిపించడానికి కారణం ఇదే. స్వరాలు రాసిన కాగితం చూసి మామూలు శ్రుతిలో వాయిస్తే ఈ మోత రాదు.

బాంజోదీ ఇదే కథ. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల వాద్యం అది. ఒక పద్ధతిలో గోటి వెనుక భాగంతో తీగను కిందికి కొడతారు, వెంటనే బొటనవేలు పొట్టి తీగ మీద పడుతుంది. డాక్ బాగ్స్ అనే బాంజో వాద్యకారుడు అలా కొట్టేవాడు కాదు, వేళ్లతో పైకి మీటేవాడు. 1927లో కొన్ని పాటలు రికార్డు చేసి, బతుకంతా బొగ్గు గనుల్లో గడిపిన మనిషి. 1963లో మైక్ వర్జీనియా వెళ్లి ఆయన్ని వెతికి పట్టుకున్నాడు. కచేరీలకు తీసుకెళ్లాడు, మళ్లీ రికార్డు చేశాడు.

[దృశ్యం: బాంజో నేర్చుకుంటున్న విద్యార్థి]

బాంజో ఇలాగే వాయించాలని మైక్ ఒక్క పద్ధతికి కట్టుబడలేదు. తన బోధన వీడియోల్లో ఒక్కో పద్ధతినీ విడిగా వాయించి చూపించాడు. 1998లో బాంజో మీద తెచ్చిన ఆల్బంలోనూ అంతే. పాతకాలపు బాంజోలు తెచ్చుకుని, పాట మారగానే వాయించే పద్ధతి మార్చాడు.

మైక్ 2009 ఆగస్టు 7న వర్జీనియాలో కన్నుమూశాడు. కాటన్ అంతకు చాలా ఏళ్ల ముందే, తొంభై దాటాక గ్రామీ అందుకున్నారు. ఆమె పాటలు నేర్చుకునే కుడిచేతివాటం వాళ్లు ఇప్పటికీ బొటనవేలికి మంద్రమే అప్పగిస్తున్నారు. స్వరాలన్నీ సరిపోతాయి, కానీ బరువు పడే చోటు మారిపోతుంది. కావాలంటే రెండూ పక్కపక్కన వినండి.

[దృశ్యం: మొదటి చేతులు మళ్లీ, ఈసారి మాటలు లేకుండా]