మార్చి 1 లోపు ఎన్ని ఉద్యోగాలు చూపించాలి?

వ్యాఖ్యాత: నమస్కారం. అమెరికాలో ఉన్న మన తెలుగు శ్రోతల కోసం శనివారం ఫోన్-ఇన్ ఇది. ఈ వారం విషయం పేరు వినగానే ఛానల్ మార్చకండి. రాష్ట్రాలు, నగరాలు కంపెనీలకి గ్రాంట్లు, పన్ను రాయితీలు ఇస్తాయి కదా, వాటికి ప్రజల ముందు పెట్టాల్సిన లెక్కల గురించి. ఇలాంటి రాయితీల ఆడిట్‌లోనే చాలా ఏళ్ళు పనిచేసి రిటైరైన సార్ మనతో ఉన్నారు. మొదటి కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండి, ఎక్కడి నుంచండీ?

కాలర్ 1: నమస్కారమండీ, మిన్నెసోటా. ఊరి పేరు అడక్కండి, చిన్న ఊరు, చెబితే నేనెవరో తెలిసిపోతుంది. నాకు మెటల్ కటింగ్ వర్క్‌షాప్ ఉంది సార్. మిషన్ కొనడానికి సిటీ వాళ్ళు 1,80,000 డాలర్ల గ్రాంట్ ఇచ్చారు. రెండేళ్ళలో 10 ఉద్యోగాలు ఇస్తానని సంతకం పెట్టాను. 2023 అక్టోబర్‌లో చెక్కు వచ్చింది. అంటే పోయిన అక్టోబర్‌తోనే గడువు అయిపోయింది. నా దగ్గర ఉన్నది 9 మంది. ఎన్ని ఉద్యోగాలు ఇచ్చానో మార్చి 1 లోపు సిటీకి రిపోర్టు పంపాలి. ఫారం టేబుల్ మీదే ఉంది గానీ చేయి ఆడటం లేదు. రాత్రిళ్ళు నిద్ర కూడా లేదు.

సలహాదారు: గడువు అక్టోబర్‌తో అయిపోయిందని ఎవరు చెప్పారు మీకు?

కాలర్ 1: ఎవరూ చెప్పలేదు సార్. చెక్కు తేదీ నుంచి నేనే లెక్కేసుకున్నాను.

సలహాదారు: మిషన్ ఎప్పుడు తిరగడం మొదలైంది?

కాలర్ 1: అది 2024 మే అండీ. మిషన్ ముందే వచ్చింది గానీ కరెంటు పనులు లేటయ్యాయి.

సలహాదారు: మీ రాష్ట్ర చట్టంలో బెనిఫిట్ డేట్ అని ఒక మాట ఉంది. మామూలుగా అయితే సబ్సిడీ చేతికందిన రోజే ఆ తేదీ. కానీ సబ్సిడీ యంత్రాల కోసమైతే, ఆ యంత్రాన్ని వాడకంలోకి తెచ్చిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. ఆ ప్రకారం మీ రెండేళ్ళు ఈ మే నెలలో పూర్తవుతాయి. అయినా నా మాట నమ్మి పడుకోకండి. అగ్రిమెంటులో ఏం రాసుకున్నారో చూడాలి. దగ్గరుందా?

కాలర్ 1: బేస్‌మెంట్‌లో ఫైల్లో ఉంటుందండీ.

సలహాదారు: అయితే వెళ్ళి తెండి. రెండు విషయాలు చూడాలి. బెనిఫిట్ డేట్ ఏమని రాశారు, ఫుల్ టైమ్ ఉద్యోగం అంటే ఏమిటని రాశారు. మేం లైన్ కట్ చేయం.

వ్యాఖ్యాత: ఆయన వచ్చేలోపు ఒక సందేహం సార్. రిపోర్టు పంపకపోతే ఏమవుతుంది?

సలహాదారు: మిన్నెసోటాలో అయితే ముందు హెచ్చరిక ఉత్తరం వస్తుంది. దాని మీద పోస్టు ముద్ర పడిన రోజు నుంచి 14 రోజులు చూస్తారు. అప్పటికీ పంపకపోతే రోజుకి 100 డాలర్ల జరిమానా, మొత్తం 1,000 డాలర్లు దాటదు. చూశారా, రిపోర్టు ఎగ్గొట్టినందుకు పడేది వెయ్యి డాలర్లే. నన్నడిగితే అది మరీ చవక. అసలు దెబ్బ హామీ తప్పినప్పుడు పడుతుంది. అప్పుడు సబ్సిడీని వడ్డీతో తిరిగి కట్టాలి. కట్టేదాకా, లేదా అయిదేళ్ళ దాకా, కొత్త సబ్సిడీ రాదు.

వ్యాఖ్యాత: సరే. ఒహాయో నుంచి ఒక కాలర్.

కాలర్ 2: నమస్తే అండీ. కొలంబస్ దగ్గర ఉంటాం. మా పాప స్కూల్లో లైబ్రరీ టీచర్‌ని తీసేశారు, డబ్బుల్లేవంటున్నారు. మా ఇంటికి రెండు మైళ్ళలో పెద్ద గోదాము కట్టారు, దానికి పదేళ్ళు ఆస్తి పన్ను మాఫీ అట. దానివల్ల స్కూలుకి ఎంత పోయిందో నాలాంటి దాన్ని తెలుసుకోనిస్తారా?

సలహాదారు: తెలుసుకోవచ్చమ్మా, ఎవరినీ బతిమాలక్కర్లేదు. మీ స్కూల్ డిస్ట్రిక్ట్ ఏటా ఆడిట్ చేయించిన ఆర్థిక నివేదిక పెడుతుంది. ముందు పేజీల్లో రంగురంగుల బొమ్మలు ఉంటాయి, వాటిని దాటేయండి. వెనక నోట్స్ ఉంటాయి, అందులో టాక్స్ అబేట్‌మెంట్, అంటే పన్ను మాఫీ, అనే మాట వెతకండి. ప్రభుత్వ పద్దులకి నియమాలు రాసే గవర్నమెంటల్ అకౌంటింగ్ స్టాండర్డ్స్ బోర్డు, అందరూ గ్యాస్బీ అంటారు, 2015లో 77వ నియమం తెచ్చింది. దాని ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా తాను మాఫీ చేసిన పన్నే కాదు, వేరే ప్రభుత్వం చేసిన మాఫీ వల్ల తనకి తగ్గిన ఆదాయం కూడా చూపించాలి. మీ కేసు సరిగ్గా అదే. మాఫీ చేసింది నగరం, జేబు ఖాళీ అయింది స్కూలుది.

కాలర్ 2: ఆ గోదాము పేరుతో ఉంటుందా?

సలహాదారు: అదే చిక్కు. పేర్లు ఇవ్వాలని గ్యాస్బీ అనలేదు. ఎన్ని ఉద్యోగాలు వచ్చాయో కూడా అడగలేదు. ఆ ఏడాది తగ్గిన పన్ను మొత్తం కనిపిస్తుంది, అంతవరకే. కంపెనీ పేరుతో కావాలంటే గుడ్ జాబ్స్ ఫస్ట్ అనే సంస్థ సబ్సిడీ ట్రాకర్ అని ఉచితంగా నడుపుతోంది, అందులో చూడండి. లేదంటే సిటీకి పబ్లిక్ రికార్డుల కింద దరఖాస్తు పెట్టి ఆ ఒప్పందం కాపీ అడగండి. "వివరాలు కావాలి" అని రాయకండి, ఏదో బ్రోషర్ పంపి చేతులు దులుపుకుంటారు. ఒప్పందం, దాని కింద వచ్చిన వార్షిక రిపోర్టులు అని స్పష్టంగా రాయండి.

వ్యాఖ్యాత: మ్యాడిసన్ నుంచి ఒక స్టూడెంట్.

కాలర్ 3: హాయ్ అంకుల్. తైవాన్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఫాక్స్‌కాన్ మా విస్కాన్సిన్‌లో పెడతానన్న ఫ్యాక్టరీ గురించి మా ప్రొఫెసర్ పేపర్ రాయమన్నారు. ఒక చోట 13,000 ఉద్యోగాలు, ఒక చోట 550, ఇంకో చోట 281, మరో చోట 1,454 అని ఉంది. ఏది కరెక్ట్?

సలహాదారు: నాలుగూ కరెక్టే. (నవ్వు) 13,000 అన్నది 2017 నాటి వాగ్దానం, దానికి రాష్ట్రం దాదాపు 300 కోట్ల డాలర్లు ఇస్తానంది. అది పెళ్ళి శుభలేఖ లాంటిది. శుభలేఖ చూసి కాపురం సంగతి చెప్పలేం కదమ్మా. ఒప్పందం ప్రకారం 2019కి డబ్బు రావాలంటే కనీసం 520 ఉద్యోగాలు ఉండాలి. కంపెనీ 550 అని చూపించింది. రాష్ట్రం తరఫున ఈ రాయితీలు చూసే విస్కాన్సిన్ ఎకనామిక్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఒక్కో పేరూ చూసుకుంటూ పోతే, ఒప్పందం ప్రకారం లెక్కకి వచ్చినవి 281. పైగా కట్టింది ఒప్పందంలో రాసుకున్న ఫ్యాక్టరీ కాదు. 2020 అక్టోబర్‌లో పన్ను క్రెడిట్ ఇవ్వం అనేశారు. 2021లో ఒప్పందం తిరగరాశారు. ఆ కొత్త కాగితం మీద 1,454 ఉద్యోగాలు, 8 కోట్ల డాలర్లు. నీ పేపర్లో అంకె పక్కన ఎవరు చెప్పారు, ఏ తేదీకి అని రాయి. అది లేకపోతే ఆ అంకెకి విలువ లేదు.

కాలర్ 3: మరి చాలామంది అదంతా ఫెయిల్యూర్ అంటారు కదా అంకుల్?

సలహాదారు: ప్రాజెక్టు సంగతి వేరు. లెక్క విషయంలో మాత్రం పని జరిగింది: లెక్క అడిగి, సరిచూసి, డబ్బు ఆపారు. నేను ఆడిట్ చేసిన వాటిలో కంపెనీ పంపిన కాగితాన్ని అలాగే స్కాన్ చేసి ఫైల్లో పెట్టుకున్నవే ఎక్కువ. ఒక ఫైల్లో అయితే వరసగా మూడేళ్ళు ఒకటే రిపోర్టు, తేదీ మాత్రం పెన్నుతో దిద్దారు.

వ్యాఖ్యాత: అయ్యో! మిన్నెసోటా కాలర్ వచ్చేశారు.

కాలర్ 1: సార్, దొరికింది. బెనిఫిట్ డేట్ అంటే యంత్రం వాడకంలోకి వచ్చిన రోజు అనే ఉంది.

సలహాదారు: ఇంకేం, ఈ రాత్రికి పడుకోండి. ఫుల్ టైమ్?

కాలర్ 1: వారానికి 32 గంటలు అని ఉందండీ. మరి... మా 9 మందిలో ఇద్దరు 30 గంటలే చేస్తున్నారు.

సలహాదారు: అయితే మీకున్నది 7.

కాలర్ 1: 9 అని వేస్తే ఎవరు చూస్తారండీ? రెండు గంటలే కదా తేడా.

సలహాదారు: ఆ ఫారంలో ఒక్కో ఉద్యోగానికి గంట జీతం, మీరిచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ ఖర్చు కూడా రాయాలి. అది పబ్లిక్ కాగితం. మీ దగ్గర పనిచేసేవాళ్ళే చదవొచ్చు. 7 అని వేయండి. కింద ఇద్దరు 30 గంటల వాళ్ళు ఉన్నారని, మే నాటికి పెంచుతానని ఒక లైను రాయండి. పెంచగలరా?

కాలర్ 1: ఒకావిడ పెంచమని తనే అడుగుతోంది సార్. ఇంకో అబ్బాయికి సాయంత్రం కాలేజీ.

సలహాదారు: అప్పుడు 8. ఇంకో ఇద్దరు కావాలి. మే నాటికి దొరకరనిపిస్తే ఇప్పుడే సిటీకి చెప్పండి. బహిరంగ విచారణ పెట్టి ఏడాది దాకా గడువు పెంచే వీలుంది. అప్పటికీ కాకపోతే, సాధించినంత మేరకు తగ్గించి మిగతాదే కట్టించుకునే వీలు కూడా చట్టంలో ఉంది. కానీ ఆ మాట గడువు దాటాక వెళ్ళి అడిగితే వేరేగా వినిపిస్తుంది.

కాలర్ 1: విచారణ అంటే ఊరందరి ముందు నిలబడాలా సార్?

సలహాదారు: ఊరందరి డబ్బే కదండీ. నేను వెళ్ళిన విచారణల్లో చాలాసార్లు ఆరుగురు కూడా రాలేదు లెండి.

కాలర్ 1: సరే సార్. సోమవారం ఫోన్ చేస్తాను. ఫారంలో 7 వేశాను, ఇప్పుడే.