బడి తోటకు వేసవిలో నీళ్లు పోసేదెవరు?

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. మన బెంగళూరులో తొలకరి పడగానే అపార్ట్‌మెంట్ల వాట్సాప్ బృందాలలో మొక్కలు నాటుదాం రమ్మనే పిలుపులు మొదలవుతాయి. మారతహళ్లి వైపు ఒక ప్రభుత్వ కన్నడ పాఠశాల ఆవరణలో మూడేళ్లుగా శ్రమదానం నడిపిస్తున్న మాస్టారు ఈరోజు మనతో ఉన్నారు. వారు అనంతపురం జిల్లాలో వృక్షశాస్త్రం బోధించి, పదవీ విరమణ తరువాత ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్నారు. మాస్టారూ, మొదటి ఏడాది జరిగిన దానితో మొదలుపెడదామా?

మాస్టారు: అలాగే అమ్మా. ఆ ఏడాది జూన్ 5న, ప్రపంచ పర్యావరణ దినోత్సవం నాడు, చాలామంది వచ్చి ఒక్క పూటలో 40 మొక్కలు నాటారు. మరుసటి జూన్ నాటికి వాటిలో 9 మిగిలాయి. వానలున్నంత కాలం అన్నీ కళకళలాడాయి. ఏప్రిల్, మే నెలలలో బడికి సెలవులు ఇచ్చి గేటుకు తాళం వేశారు. ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో మాలో ఒక్కరికీ తెలియదు. ఆ తప్పు పూర్తిగా మాదే. అందుకే ఇప్పుడు వేసవిలో ఎన్నింటికి నీళ్లు పోయగలమో లెక్క తేలిన తరువాతే ఎన్ని మొక్కలు నాటాలో నిర్ణయిస్తున్నాము.

వ్యాఖ్యాత: ఆ లెక్క ఎలా వేస్తారు?

మాస్టారు: ఏడాది నిండని మొక్కకు ఎండాకాలంలో వారానికి రెండుసార్లు, ప్రతిసారీ పది లీటర్ల చొప్పున పోస్తాము. 20 మొక్కలకు వారానికి 400 లీటర్లు కావాలి. 2024 మార్చిలో ఈ నగరానికి నీటి కటకట వచ్చినప్పుడు, తాగునీటిని తోటలకు వాడితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి కావేరి నీటిని ఎత్తిపోసుకునే ఊరిలో ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టలేను. కాబట్టి కుళాయి నీటిని నమ్ముకోకుండా తోట వేయాలి. అక్షర దాసోహ పథకం కింద మధ్యాహ్న భోజనం వండే చోట బియ్యం, కూరగాయలు కడిగిన నీటిని, సబ్బు కలవకుండా, వంట అమ్మలు మాకోసం వేరే తొట్టిలో పోస్తున్నారు. వానాకాలంలో పైకప్పు నీరు కూడా పనికివస్తుంది. 100 చదరపు మీటర్ల కప్పు మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు రెండు వేల లీటర్లు కురిసినట్లు. ఆ నీరు వానకూ వానకూ మధ్య ఎడం వచ్చినప్పుడు ఆదుకుంటుంది గానీ వేసవి దాకా నిలవదు. సెలవులలో వంట కూడా ఉండదు కనుక, ఆ రెండు నెలలూ మనుషులు బిందెలతో మోసుకురావలసిందే.

వ్యాఖ్యాత: అనుమతుల కోసం ఎవరిని కలవాలి?

మాస్టారు: ప్రధానోపాధ్యాయులకు, ఎస్‌డీఎంసీ అని ఇక్కడ అందరూ పిలిచే పాఠశాల అభివృద్ధి, పర్యవేక్షణ సమితికి కన్నడంలో ఉత్తరం రాసి ఇవ్వాలి. ఆ సమితిలో ఎక్కువమంది పిల్లల తల్లిదండ్రులే ఉంటారు కనుక వారి సమావేశంలో కూర్చుని మాట్లాడటం ఇంకా మంచిది. పిల్లలు ఆడుకునే స్థలం తగ్గకూడదని మాకు చెప్పింది వారే. అడ్డంగా ఉందని పాత చెట్టును మాత్రం ముట్టుకోకూడదు; 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం దానికి వృక్షాధికారి అనుమతి కావాలి.

వ్యాఖ్యాత: పని రోజుకు ముందు ఏమేమి సిద్ధం చేసుకుంటారు?

మాస్టారు: అసలు శ్రమంతా అక్కడే ఉంది. రెండు వారాల ముందే రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పున గుంతలు తీసి, పైమట్టిని ఒక పక్కన, అడుగుమట్టిని మరొక పక్కన పోసి ఎండనిస్తాము. తరువాత పైమట్టిలో మాగిన పశువుల ఎరువు, కొద్దిగా వేపపిండి కలిపి గుంత నింపుతాము. ఇక్కడి ఎర్రమట్టి ఎండితే రాయిలా గట్టిపడుతుంది. మా అపార్ట్‌మెంటు పిల్లలు, అంటే సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసేవారు, గడ్డపార పట్టిన అరగంటకే అరచేతులు బొబ్బలెక్కి ఆగిపోయారు. అప్పుడు భవన నిర్మాణంలో కూలికి వెళ్లే ఒక తల్లి ముందుకు వచ్చి, ముందురోజు సాయంత్రం గుంత గుర్తు మీద నీళ్లు పోసి నాననివ్వాలని, గడ్డపారను బలంతో పొడవకుండా దాని బరువుతోనే దిగనివ్వాలని చేసి చూపించింది. ఆమె తన ఒక్క సెలవుదినాన్ని మాకోసం ఇచ్చింది. ఆ రోజు నుంచి గుంతల పని ఆమె చెప్పినట్లే జరుగుతోంది.

వ్యాఖ్యాత: కలుపు తీయడంలో పిల్లలను చేరుస్తారా?

మాస్టారు: వయ్యారిభామ ఉన్న చోట చేర్చము. ఇక్కడివారు దానిని కాంగ్రెస్ గిడ అంటారు. దానివల్ల చర్మం మీద దద్దుర్లు వస్తాయి, ఉబ్బసం ఉన్నవారికి పుప్పొడి ప్రమాదం. దానిని తినే మెక్సికో పెంకుపురుగును 1984లో మన బెంగళూరులోనే విడుదల చేశారు, అయినా ఖాళీ స్థలాలలో అది ఇంకా పెరుగుతూనే ఉంది. పెద్దవారు చేతి తొడుగులు వేసుకుని, పూత రాకముందే, వాన పడి నేల మెత్తబడిన మరునాడు వేళ్లతో సహా పీకాలి.

వ్యాఖ్యాత: మొక్కలను ఎలా ఎంచుకుంటారు?

మాస్టారు: నీడకు కానుగ, దానిని ఇక్కడ హొంగె అంటారు, తినడానికి నేరేడు, ఉసిరి, సీతాఫలం, వంటగది దగ్గర కరివేపాకు, తోటకూర. తోటకూర నెలలోపే కోతకు వస్తుంది కనుక పిల్లలకు దాని మీదే ఆసక్తి ఎక్కువ. మునగ కొమ్మ పెళుసు. ఎక్కి ఆడే పిల్లలున్న చోట గోడ అవతలి మూలన పెట్టాలి. గన్నేరు, పచ్చగన్నేరు ఎంత అందంగా పూసినా బడిలో వద్దని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే వాటి ప్రతి భాగమూ విషమే.

వ్యాఖ్యాత: మరి ఈ ఏడాది ఎన్ని నాటబోతున్నారు?

మాస్టారు: ఇంకా నిర్ణయించలేదమ్మా. వంటగది తలుపు పక్కన ఒక నోటు పుస్తకం వేలాడదీశాము. అందులో ఏప్రిల్, మే నెలల ప్రతి వారానికి నీళ్లు పోసేవారి పేరు, ఆ వారం తాళంచెవి ఉంచుకునేవారి పేరు రాయించుకుంటున్నాము. మే మూడవ వారం దగ్గర ఇంకా ఎవరూ రాయలేదు. నిన్న సాయంత్రం కూడా చూసి వచ్చాను. అక్కడ పేరు పడిన తరువాతే లాల్‌బాగ్ నర్సరీకి బయలుదేరుతాము.